శిక్ష కాని శిక్ష: స్థానిక పాలనలో ఉద్యోగి, అర్జీ, అప్పీలు

మన సాహిత్య విమర్శ లేఖను ఒక ప్రక్రియగా గుర్తించింది. స్వీయచరిత్రను గుర్తించింది. అర్జీని మాత్రం గుర్తించలేదు. కథ చదవనివాళ్ళు, కవిత విననివాళ్ళు కూడా మన పల్లెల్లో జీవితంలో ఒకసారైనా రాయించుకునే రచన అర్జీ. దాన్ని రాసిపెట్టే పని సాధారణంగా ఊళ్ళోని బడిపంతులు మీద పడుతుంది. తెలుగు పంతులైతే చెప్పనక్కరలేదు. చిలుకూరు ప్రాంతంలో చాలా ఏళ్ళుగా తెలుగు చెబుతున్న నేను రాసిపెట్టిన అర్జీలకు లెక్క లేదు.

కొంతకాలం కిందట దగ్గరి గ్రామం నుంచి పంచాయతీలో ఊడ్చే పని చేసే ఒకామె వచ్చింది. "సారూ, రేపటి సంది రావొద్దన్నరు. ఎందుకని అడిగితే చెప్పలే. జర మీరొక అర్జీ రాసియ్యుండ్రి" అంది. కాగితం ఏదైనా ఇచ్చారా అని అడిగాను. ఇవ్వలేదంది. నాకు తెలిసిన పద్ధతిలో అర్జీ రాసి చదివి వినిపించాను. ఆమె విని కాసేపు ఊరుకుని, "ఇంకింత బతిమాలినట్టు రాయుండ్రి సారూ" అంది. మళ్ళీ రాశాను. రెండో ప్రతిలో "దయతో" అన్న మాట నాలుగుసార్లు వచ్చింది.

ఆ నాలుగు "దయతో"ల వెనక ఉన్న చరిత్రను వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం. స్థానిక పాలన తన ఉద్యోగిని ఎలా పెట్టుకుంది, ఎలా నడిపింది, ఎలా తీసేసింది? తీసేసినప్పుడు అతను ఎవరికి మొర పెట్టుకున్నాడు? రైతు చరిత్ర, కౌలుదారు చరిత్ర మన రచయితలు కొంతవరకు రాశారు. పాలనాయంత్రంలో అట్టడుగున పనిచేసిన మనిషి చరిత్ర ఇంకా రాయవలసే ఉంది.

1. వతనుదారు, వెట్టివాడు

నైజాం పాలనలో గ్రామానికి ముగ్గురు అధికారులు: పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ. ఈ పదవులు వతనులు. అంటే వంశపారంపర్యంగా వచ్చే ఆస్తి. వీరిని ప్రభుత్వం పరీక్ష పెట్టి నియమించలేదు. పదవీ విరమణ వయసు లేదు. వతనుదారు పని చేయకపోతే గుమాస్తాను పెట్టి చేయించేవాడు. ఆధునిక అర్థంలో వీళ్ళను ఉద్యోగులనడం కంటే పాలనలో వాటాదారులనడం సరైనది.

అసలు పని చేసింది వీరి కింది మనుషులు: నీరటికాడు, కావలివాడు, మస్కూరి, వాళ్ళకూ కిందన వెట్టివాళ్ళు. అధికారి ఊళ్ళోకి వస్తే సామాను మోయడం, కబురు చేరవేయడం, గుర్రానికి గడ్డి వేయడం, చావడి ఊడ్చడం వీళ్ళ పనులు. స్థానిక పాలన యొక్క మొదటి సిబ్బంది వెట్టివాళ్ళే అనడంలో అతిశయోక్తి లేదు. జీతం లేదు, నియామకం లేదు, కాబట్టి తొలగింపు కూడా లేదు. తొలగించబడడమే అక్కడ విముక్తి. అలాంటి వ్యవస్థలో అప్పీలు అన్న మాటకు అర్థం ఉండదు. తహసీలుకు, అక్కడినుంచి తాలూక్‌దారుకు అర్జీ పెట్టుకోవచ్చు గాని అర్జీ ఉర్దూలో ఉండాలి. తెలుగు మనిషి తన బాధను తనకు రాని భాషలో, తనకు తెలియని మర్యాదలతో వేరొకరి చేత రాయించుకోవాలి. ఆ అర్జీదారు నోట వినబడిన మాట "బాంచెను, నీ కాల్మొక్త". దాన్ని వ్యక్తి స్వభావంలోని దాస్యంగా కొందరు చూశారు. నా దృష్టిలో అది ఆ పాలన ఒప్పుకున్న ఏకైక అర్జీ రూపం.

ఆ రూపాన్ని ఎదిరించిన ఉద్యమానికి మా ఊరితో సంబంధముంది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభల పరంపరలో ఎనిమిదవది 1941లో చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగింది. వినతిపత్రాల దశ నుంచి ప్రజా సమీకరణ దశకు మహాసభ జరుగుతున్న కాలమది. వెట్టి రద్దు ఆ ఉద్యమపు ముఖ్యమైన కోర్కెల్లో ఒకటి. దీన్ని మనం రైతు కోర్కెగానే చదువుకుంటూ వచ్చాం. కాని వెట్టి రద్దు అంటే పాలన చేయించుకునే పనికి కూలి ఇవ్వాలనడం, పని చేయనని చెప్పే హక్కు ఉండాలనడం. ఆ అర్థంలో అది తెలంగాణ గ్రామాల్లో పుట్టిన మొదటి ఉద్యోగ హక్కుల కోర్కె కూడా.

2. సంతకం మారింది

1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూ ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. అదే ఏడాది వచ్చిన పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టంతో ప్రాథమిక పాఠశాలలు సమితుల చేతికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల చేతికి వెళ్ళాయి. వాటితోపాటు ఉపాధ్యాయులూ వెళ్ళారు.

ఇది ప్రజాస్వామిక పురోగమనమే. వంశం స్థానంలో ఎన్నిక వచ్చింది. కాని ఆ కాలపు గ్రామంలో భూమి ఎవరి చేతిలో ఉందో సమితి కూడా చాలాచోట్ల వాళ్ళ చేతికే పోయింది. మా పెద్ద ఉపాధ్యాయులు చెప్పగా విన్నదేమిటంటే, ఎన్నికల్లో అవతలి పక్షానికి పని చేశాడన్న అనుమానం చాలు, పంతులును సమితిలో ఆ కొసన ఉన్న ఊరికి పంపేవారు. దాన్ని శిక్ష అనేవారు కాదు. "పాలనా సౌలభ్యం దృష్ట్యా బదిలీ" అనేవారు.

ఇక్కడ నిబంధనల వైపు ఒకసారి చూడాలి. సివిల్ సర్వీసుల క్రమశిక్షణ నిబంధనల్లో (మొదట 1963వి, తరవాత 1991వి) శిక్షల జాబితా ఉంది. మందలింపు, ఇంక్రిమెంటు నిలుపుదల, హోదా తగ్గింపు, నిర్బంధ పదవీ విరమణ, తొలగింపు వగైరా. పెద్ద శిక్ష వేయాలంటే మొదట అభియోగపత్రం ఇవ్వాలి. ఉద్యోగి సంజాయిషీ రాయాలి. విచారణాధికారి సాక్షులను విచారించాలి. నివేదిక ప్రతి ఉద్యోగికి ఇచ్చి మళ్ళీ అతని మాట వినాలి. అప్పుడు ఉత్తర్వు. ఆ ఉత్తర్వు అందిన నాటినుంచి మూడు నెలల్లోగా పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. చదివితే ఎంతో న్యాయంగా కనిపించే పద్ధతి. నిజంగానే న్యాయమైనది. దీన్ని ఉద్యోగులు పోరాడి సాధించుకున్నారు.

కాని ఆ జాబితాలో బదిలీ లేదు. ప్రొబేషన్‌లో ఉన్నవాడిని ఇంటికి పంపితే అది శిక్ష కిందికి రాదని నిబంధనే వివరణ ఇస్తుంది. పోస్టునే రద్దు చేస్తే శిక్ష అన్న ప్రశ్నే లేదు. అప్పీలు అనే తలుపు శిక్ష అని పేరున్న గదికే ఉంది. దెబ్బ మాత్రం చాలాసార్లు వేరే పేరున్న గదిలోనే తగులుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న ప్రధాన విషయం ఇదే.

న్యాయస్థానాలు ఈ సంగతి గమనించలేదని కాదు. పేరు ఏదైనా వెనక ఉన్న కారణం ప్రవర్తన మీద ఆరోపణే అయితే దాన్ని శిక్షగానే చూడాలని పురుషోత్తంలాల్ ధింగ్రా కేసులో సుప్రీంకోర్టు 1957లోనే చెప్పింది. మాటకూ అర్థానికీ మధ్య ఎడం ఉన్నప్పుడు అర్థాన్నే పట్టుకోవాలన్న ఈ సూత్రం సాహిత్య విద్యార్థికి కొత్తది కాదు. కాని దాన్ని నిరూపించవలసిన భారం నెలజీతం ఆగిపోయిన ఉద్యోగి మీద పడుతుంది.

ఈ సమస్య మనకొక్కరికే పరిమితం కాదు. ఇంగ్లండులో బ్రైటన్ పట్టణ పోలీసు అధిపతి రిడ్జ్‌ను 1958లో స్థానిక కమిటీ అతని మాట వినకుండా తొలగించింది. హోం మంత్రికి చేసుకున్న అప్పీలు వీగిపోయింది. 1963లో ప్రభువుల సభ ఆ తొలగింపు చెల్లదని తీర్పు చెప్పింది. వినకుండా తీసుకున్న నిర్ణయం నిర్ణయమే కాదన్న భావనకు ఆ తీర్పు ఆధునిక కాలంలో గట్టి పునాది. మన దేశంలో గుజరాత్ ప్రభుత్వం పంచాయతీ సిబ్బందిని అసలు ప్రభుత్వ ఉద్యోగులే కారని వెనక తేదీ నుంచి వర్తించే చట్టం చేసింది. 1983లో రమణ్‌లాల్ కేశవ్‌లాల్ సోని కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. ఉద్యోగి హక్కును కాదనడానికి సులువైన మార్గం అతనికి ఉద్యోగి అన్న పేరే లేకుండా చేయడమని ఈ కేసు చెబుతుంది.

3. రాసిన చేయి, దిద్దే చేయి

తెలంగాణలో ఉద్యోగ నిర్వహణ చరిత్ర ముల్కీ ప్రశ్నతో పెనవేసుకుంది. 1919 నాటి ఫర్మానాకు మూలాలున్న స్థానికత నిబంధనలు, 1969 ఉద్యమం, 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్న సుప్రీంకోర్టు తీర్పు, దాని మీద ఆంధ్ర ప్రాంతంలో వచ్చిన ఉద్యమం, 1973లో ఆరు సూత్రాల పథకం మనకు తెలిసినవే. ఆ పథకం నుంచి 32వ రాజ్యాంగ సవరణ, 371-డి అధికరణం వచ్చాయి. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. 1976లో పరిపాలనా ట్రిబ్యునల్ ఏర్పడింది. నియామకం, కేటాయింపు, ప్రమోషన్, సీనియారిటీ వివాదాలను వినడానికి ఒక ప్రత్యేక వేదిక అన్నమాట. స్థానిక సంస్థల అధీనంలోని పోస్టుల పేరు కూడా ఆ అధికరణంలో స్పష్టంగా ఉంది.

ఇంత మంచి ఏర్పాటులో ఒక విచిత్రమైన నిబంధన దాగి ఉంది. 371-డిలోని అయిదవ ఖండం ప్రకారం ట్రిబ్యునల్ తుది ఉత్తర్వు ప్రభుత్వం ధ్రువీకరించినప్పుడో, మూడు నెలలు గడిచినప్పుడో, ఏది ముందైతే అప్పుడు అమల్లోకి వస్తుంది. ఈలోగా ప్రభుత్వం కారణాలు రాసి ఆ ఉత్తర్వును మార్చవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. అంటే ఉద్యోగి ప్రభుత్వం మీద గెలిచినా, ఆ గెలుపు నిలవాలో లేదో ఓడిన ప్రభుత్వమే నిర్ణయిస్తుంది.

ఈ నిబంధన దాదాపు పదేళ్ళు నడిచింది. 1986 డిసెంబరులో పి. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. కక్షిదారుగా ఓడిన ప్రభుత్వమే తీర్పును తిరగరాయడం చట్టబద్ధ పాలనకు విరుద్ధమన్నది ఆ తీర్పు సారాంశం. ఉద్యోగ సంబంధాల చరిత్రలో ఇది పెద్ద మలుపు. మనవాళ్ళు దీన్ని న్యాయశాస్త్ర విద్యార్థులకు వదిలేశారు. ఉత్తర్వు రాసిన చేయి, తప్పు దిద్దే చేయి ఒకటి కాకూడదన్న ఈ సూత్రం పటేలు చావడి నుంచి సమితి కార్యాలయం దాకా మన గ్రామం ఎన్నడూ చూడనిది. అందుకే ఇది మన సాంఘిక చరిత్రలో కూడా భాగం.

ఆ ట్రిబ్యునల్ తెలంగాణకు సంబంధించినంతవరకు 2016లో ముగిసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో రద్దయింది. కేసులు హైకోర్టుకు వెళ్ళాయి. చిలుకూరు నుంచి హైదరాబాదు పోయి వకీలును పెట్టుకోగలవాడికి అది మంచిదే కావచ్చు. రోజు కూలి లెక్కన జీతం లెక్కపెట్టుకునేవాడికి న్యాయం మరింత దూరం జరిగింది.

4. రద్దు, లాటరీ, కేటాయింపు

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. వంశపారంపర్య అధికారం పోవడం అభ్యుదయవాదులంతా స్వాగతించదగిన చర్య. 1985లో టి. వెంకటరెడ్డి కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. నేనూ సమర్థిస్తాను. అయితే ఆ రోజున ఏర్పడిన పద్ధతిని గమనించాలి. పోస్టు రద్దయితే మనిషి మాట వినవలసిన అవసరం లేదు. భూస్వామ్యాన్ని కొట్టడానికి వాడిన ఆ ఆయుధం తరవాత ఎవరి మీద పడింది?

2020 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ గ్రామ రెవెన్యూ అధికారుల పోస్టులను రద్దు చేస్తూ చట్టం చేసింది. వీళ్ళు వతనుదారులు కారు. వీరిలో పోటీ పరీక్ష రాసి వచ్చినవారున్నారు. కొందరిపై అవినీతి ఆరోపణలున్నాయి, నిజమే. కాని ఆరోపణ ఉన్నవాడికి అభియోగపత్రం, లేనివాడికి ఉద్యోగం అన్నది న్యాయం. ఇక్కడ తప్పు చేసినవాడూ చేయనివాడూ ఒకే వాక్యంతో పోయారు. దాదాపు రెండేళ్ళ తరవాత, 2022లో, వారిని లాటరీ తీసి వేరే శాఖలకు సర్దారు. 2025లో గ్రామ పాలన అధికారులన్న కొత్త పేరుతో వారిలో కొందరు మళ్ళీ గ్రామానికి వచ్చారు. మస్కూరి వారసత్వంగా వచ్చిన గ్రామ రెవెన్యూ సహాయకులను 2023లో ఇతర శాఖల్లో సర్దుబాటు చేశారు. అది వాళ్ళు సమ్మె చేసిన తరవాతి మాట. నలభై ఏళ్ళలో గ్రామోద్యోగం వంశం నుంచి పరీక్షకు, పరీక్ష నుంచి చీటీకి వచ్చింది.

ఇక మా సంగతి. 2016లో నల్లగొండ నుంచి సూర్యాపేట జిల్లా విడిపోయింది. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం రాష్ట్రం ఏడు జోన్లయింది. సూర్యాపేట యాదాద్రి జోన్‌లో చేరింది. ఉన్న ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచడానికి 2021 డిసెంబరు 6న 317వ నంబరు జీవో వచ్చింది. పాత జిల్లా మొత్తానికి సీనియారిటీ జాబితా వేసి, ఐచ్ఛికాలు తీసుకుని పంచారు. పైన ఉన్నవాళ్ళకు కోరుకున్న జిల్లా దొరికింది. కిందనున్నవాళ్ళు మిగిలిన చోటికి వెళ్ళారు. పుట్టిన జిల్లాలో చదివిన కారణంగా ఉద్యోగం పొందిన యువ ఉపాధ్యాయులు ఆ జిల్లాకే స్థానికేతరులయ్యారు. స్థానికత కోసం యాభై ఏళ్ళు సాగిన పోరాటానికి ఇది ఎంత విషాదకరమైన ముగింపో ఆలోచించండి. భార్యాభర్తల కేసులు, జబ్బుల కేసులు, సీనియారిటీ తప్పుల కేసులు అప్పీళ్ళుగా పోగుపడ్డాయి.

నా అప్పీలు కూడా ఆ రోజుల్లో ఒక కార్యాలయంలో పడింది. జాబితాలో నా నియామక తేదీ తప్పు పడింది. అర్జీతోపాటు నియామక ఉత్తర్వు జతపరిచాను. చాలాకాలానికి ఒక వాక్యం వచ్చింది: "తమ అభ్యర్థన పరిశీలించి తిరస్కరించడమైనది." ఏమి పరిశీలించారో లేదు. తేదీ సరైనదా కాదా అన్న మాట లేదు. విద్యార్థి జవాబుపత్రం మీద కారణం చెప్పకుండా సున్నా వేస్తే తల్లిదండ్రులు వచ్చి అడుగుతారు. నా పత్రం దిద్దినవాణ్ణి అడగడానికి నాకు అతని పేరు కూడా తెలియదు. కేటాయింపు శిక్ష కాదు గదా అని ఒక గుమాస్తా మిత్రుడు ఓదార్చాడు. అతను నిబంధన ప్రకారం సరిగ్గానే చెప్పాడు.

5. కాగితం లేనివాళ్ళు

అయినా నేను కాగితం ఉన్నవాణ్ణి. పంచాయతీలో నాకంటే కింద రెండు మెట్లున్నాయి.

ఒకటి జూనియర్ పంచాయతీ కార్యదర్శులు. 2018 పంచాయతీరాజ్ చట్టం తరవాత 9,355 పోస్టులు ప్రకటించి 2019లో నియమించారు. నెలకు 15,000 రూపాయలు, మూడేళ్ళ ప్రొబేషన్. ఆ ప్రొబేషన్ నాలుగేళ్ళయింది. పారిశుధ్యం, నర్సరీ, పన్నుల వసూలు, శ్మశానం, రిజిస్టర్లు అన్నీ వాళ్ళ పనే. 2023 ఏప్రిల్ చివర వాళ్ళు సమ్మెకు దిగితే ప్రభుత్వం గడువు పెట్టి, చేరకపోతే తొలగిస్తామంది. సంఘం పెట్టబోమని, సమ్మె చేయబోమని బాండు రాసిచ్చారు గదా అని ఆ నోటీసులో గుర్తు చేసింది. ప్రొబేషన్‌లో తొలగింపు శిక్ష కాదు, శిక్ష కానిదానికి అప్పీలు లేదు. కలిసి అడగడానికి వీల్లేదని బాండు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఆ నాలుగేళ్ళు వాళ్ళు ఏ భయంతో పనిచేశారో అర్థమవుతుంది. చివరకు వాళ్ళలో ఎక్కువమంది క్రమబద్ధమయ్యారు. అది అప్పీలుతో జరగలేదు. సమ్మెతో జరిగింది.

రెండో మెట్టు సఫాయి కార్మికులు. ఒకే మనిషి ఊడ్చాలి, ట్రాక్టరు ఎక్కాలి, మోటరు వేయాలి, మొక్కలకు నీళ్ళు పోయాలి అన్న బహుళ ప్రయోజన విధానంలో వీరికి నిర్ణయించిన వేతనం నెలకు 8,500 రూపాయలుగా మొదలైంది. వీరికి క్రమశిక్షణ నిబంధనలు వర్తించవు. నోటి మాటతో వస్తారు, నోటి మాటతో పోతారు. నా దగ్గరికి అర్జీ కోసం వచ్చిన ఆమె ఈ మెట్టు మీది మనిషి. అప్పీలు గడువు ఉత్తర్వు అందిన నాటినుంచి మొదలవుతుంది. ఆమెకు ఉత్తర్వే లేదు. లేని ఉత్తర్వు మీద ఏమని అప్పీలు రాయాలి? అందుకే ఆమె "ఇంకింత బతిమాలినట్టు" రాయమంది. నాకంటే ఆమెకే పరిస్థితి బాగా తెలుసు. హక్కు ఉన్నచోట కారణం అడగవచ్చు. లేనిచోట మిగిలేది దయ ఒక్కటే.

6. రచయితలు చేయవలసింది

పటేలు, పట్వారీల పాలనను మన నవల బాగానే పట్టుకుంది. వట్టికోట ఆళ్వారుస్వామి "ప్రజల మనిషి", దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్ళు" ఆ కాలాన్ని మన కళ్ళ ముందుంచాయి. అవి వచ్చేనాటికి ఆ దేవుళ్ళు కూలిపోతున్నారు. వాళ్ళ ముఖాలు అందరికీ తెలుసు కాబట్టి వాళ్ళను గుర్తుపట్టడం తేలికే అయింది. ఈనాటి అధికారానికి ముఖం లేదు. దాని భాష "పాలనా సౌలభ్యం", "సర్దుబాటు", "కేటాయింపు", "పరిశీలించి తిరస్కరించడమైనది". ఆ చివరి వాక్యంలో కర్త లేడని వ్యాకరణం చదివిన విద్యార్థి వెంటనే చెప్పగలడు. కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదని తరగతిలో పాఠం చెబుతాం. మన కార్యాలయాలు దాన్ని వదలకపోవడానికి కారణం భాషాజ్ఞానం లేకపోవడమేనా? కర్త కనబడితే అతన్ని అడగవలసి వస్తుంది.

ప్రభుత్వోద్యోగిని మన కథ ఎక్కువగా లంచగొండిగానో, నవ్వులపాలయ్యే గుమాస్తాగానో చూపింది. అది అబద్ధం కాదు, సగం నిజం. కింది ఉద్యోగి ప్రజల పట్ల అధికారం, పైవారి పట్ల అర్జీదారు. ఒకే మనిషిలోని ఈ రెండు ముఖాలను చూపిన కథలు మనకు ఇంకా రావాలి. అందుకు ఫైళ్ళు, మెమోలు, సంజాయిషీలు, తిప్పి పంపిన అర్జీలు ముడిసరుకు. యువ రచయితలు వాటిని సేకరించాలని నా కోరిక. ఒక్కొక్క మండలంలో ఒక్కొక్క పెట్టె నిండా దొరుకుతాయి.

పాలన నుంచి అడగవలసినవి కూడా పెద్దవేమీ కావు. చేసే పని ఏదైనా, పెట్టుకునేటప్పుడూ తీసేటప్పుడూ కాగితం ఇవ్వాలి. ఆ కాగితం మీద కారణం ఉండాలి. ఆ కారణాన్ని రాసిన చేయి కాక మరొక చేయి చూడాలి. పేరు బదిలీ అయినా, కేటాయింపయినా, ప్రొబేషన్ ముగింపయినా, మనిషి బతుకు మీద దెబ్బ పడినప్పుడు అతని మాట వినాలి. 1941లో మా ఊళ్ళో పందిరి కింద కూర్చున్నవాళ్ళు వెట్టి వద్దన్నప్పుడు అడిగిన దానికి ఇది కొనసాగింపే.

ఆమె సంగతి చెప్పి ముగిస్తాను. అర్జీ పట్టుకుని ఆమె మూడుసార్లు తిరిగింది. కొన్నాళ్ళకు మళ్ళీ పనిలోకి రమ్మన్నారట. ఎవరు రమ్మన్నారు, ఎందుకు తీశారు, పోయిన రోజుల కూలి మాటేమిటి అని అడిగాను. "ఏమో సారూ, రమ్మన్నరు, పోతున్న" అంది. తీసేసినప్పుడు లేనట్టే పెట్టుకున్నప్పుడూ కాగితం లేదు. నా అర్జీ బాగా పనిచేసిందని ఆమె సంతోషించింది. నేను సంతోషించలేకపోయాను. ఈసారి వచ్చినప్పుడు "దయతో" లేని అర్జీ ఒకటి రాసిస్తానని, దాని కింద ఆమెతోపాటు ఆ పంచాయతీలో ఊడ్చేవాళ్ళందరి వేలిముద్రలూ సంతకాలూ తీసుకురమ్మని చెప్పాను. ఆలోచిస్తానంది.